ఆగని పోగు

అక్క ఫోన్ చేసినప్పుడు నేను ప్రయోగశాలలో గాజు సీసాలు కడుగుతున్నాను. ఆ పనికి వేరే మనుషులున్నారు. కానీ నివేదికలు రాయాల్సిన రోజుల్లో నాకు సీసాలు కడగాలనిపిస్తుంది.

"హైమా, నా పళ్ళ సందుల్లో దారం పోవట్లేదే" అంది అక్క.

"ఏం దారం?"

"కుట్టు దారమే. ములక్కాడ పీచు ఇరుక్కుంటే ఎప్పుడూ దారంతోనే గదా తీసుకుంటా. ఇయ్యాల పీచూ ఇరుక్కోలా, దారమూ పోలా. అసలు సందులే లేవు."

నేను నవ్వాను. "మంచిదే కదా. నొప్పేమైనా ఉందా?"

"నొప్పేం లేదు. ఊరికే చెప్పా. పొయ్యి మీద కూరుంది, ఉంటా."

ఫోన్ పెట్టేసి మళ్ళీ సీసాలు కడుక్కున్నాను. ఆ తర్వాత అయిదు రోజులపాటు ఆ మాట నాకు గుర్తే రాలేదు.

మా అక్క భ్రమరాంబ నల్లగుండ్లపాడు ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఊరు కనిగిరికి అవతల, మెట్ట భూముల మధ్య ఉంటుంది. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్ళు తాగినవాళ్ళకి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేటప్పుడే గోధుమరంగు చారలతో, గుంటలతో వస్తాయి. అక్కవీ అలాగే వచ్చాయి. నావి తెల్లగా ఉంటాయి. అందులో నా గొప్పేం లేదు. అమ్మకి ఒంట్లో బాగుండక పదకొండు నెలల పిల్లనైన నన్ను చీరాలలో పిన్ని దగ్గర ఉంచారు. తొమ్మిదో ఏట తిరిగొచ్చేసరికి నా పళ్ళు వచ్చేశాయి. ఒకే తల్లి పిల్లలం పక్కపక్కన నిలబడితే చూసినవాళ్ళు ముందు అక్క మొహంలోకి, తర్వాత నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా ఊరుకునేవాళ్ళు. ఆ ఊరుకోవడం చూస్తూ పెరిగాను. పళ్ళ డాక్టరునయ్యాను. ఆ తర్వాత రోగుల్ని చూడటం మానేసి పంటికి వాడే పదార్థాల పరిశోధనలోకి వెళ్ళాను.

పంటి మీద ఉండే ఎనామిల్ మనిషికి ఒక్కసారే తయారవుతుంది. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికి రాగానే చచ్చిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం పూడుతుంది, ఎనామిల్ మాత్రం పోతే పోయినట్టే. పదకొండేళ్ళు నేను దీని మీదే పనిచేశాను. చివరి ఆరేళ్ళు రిజ్వాన్ అనే యువ పరిశోధకుడు నాతో ఉన్నాడు. చేతులు నెమ్మది, కళ్ళు చురుకు. నాకంటే ఓపిక ఎక్కువ.

అక్క మొదటిసారి ప్రయోగశాలకి వచ్చినప్పుడు, ఎవరికో పీకేసిన పన్ను ఒకటి ఆమె చేతిలో పెట్టాను. సగం గోధుమరంగు, గుంటలు. మిగతా సగం తెల్లగా, నున్నగా మెరుస్తోంది. అక్క దాన్ని గోటితో గీరి చూసింది.

"రంగేశారా?"

"రంగు కాదు. సగానికి మా గుజ్జు పూసి మూడు వారాలు లాలాజలంలాంటి నీళ్ళలో ఉంచాం. గుజ్జులో స్ఫటికపు పోగులున్నాయి. వెయ్యి పోగులు పక్కపక్కన పేరిస్తే ఒక తలవెంట్రుక మందం ఉంటాయి. నోటి తడిలో ఉన్న కాల్షియాన్ని పట్టుకుని అవే పెరుగుతాయి."

"ఎందాకా పెరుగుతాయి?"

టీచరు కదా, అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"ప్రతి పోగు కొసనా ఒక మూతలాంటిది పెట్టాం. పక్క పోగు తగలగానే అది మూసుకుంటుంది. అక్కడితో ఆగిపోతుంది."

"నిజంగా ఆగిద్దా?"

"ఆగుతుందక్కా."

అనుమతులొచ్చాక ఊళ్ళో ముప్పయ్యెనిమిది మందికి ఆ మందు వేశాం. ఊరివాళ్ళు దానికి పోగుమందు అని పేరు పెట్టుకున్నారు. ఒప్పుకోలు కాగితాల మీద ఉన్నదంతా అక్కే బడి వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ చదివి వినిపించింది. మొదటి సంతకం తనే పెట్టింది. మిగతావాళ్ళకి ముందు పళ్ళకే వేశాం, అక్క మాత్రం నోరంతా వేయించుకుంది. "వేస్తే అన్నిటికీ వెయ్యి. సగం సగం పని నాకు నచ్చదు" అంది.

రెండు నెలలకి ఊరు మారిపోయింది. అది చూసినవాళ్ళకే తెలుస్తుంది. మిరప కోతలకెళ్ళే కోటమ్మ అనే ఆమె, ముప్పై అయిదేళ్ళుంటాయి, అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి మాటకీ నవ్వేది. మందు వేయించుకున్నవాళ్ళలో ఓబులేసు అనే అతను తన ఆధార్ కార్డు మీద ఫొటో మార్పించుకోవాలని మండలాఫీసు చుట్టూ తిరిగాడు. అక్క ఒకరోజు బడి వార్షికోత్సవం ఫొటో పంపింది. యాభై రెండేళ్ళ మనిషి, నోరంతా తెరిచి నవ్వుతోంది. అంతకుముందు అక్క నవ్విన ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. దాన్ని నా బల్ల మీద పెట్టుకున్నాను.

వరసగా రెండేళ్ళు వానలు పడలేదు. పంచాయతీ బోరు ఎండిపోతే ఇంకా లోతుకి దించారు. ఇంకా ఎండితే ఇంకా దించారు. ఈ సంగతి అక్క ఫోన్‌లో చెప్పింది కూడా. కరువు కబురుగానే విన్నాను.

అక్క దారం మాట చెప్పిన అయిదో రోజున, మందు వేసిన పద్నాలుగో నెల పరీక్షల ఎక్స్‌రేలు వచ్చాయి. రిజ్వాన్ అక్కది తెర మీద పెద్దది చేసి నన్ను పిలిచాడు.

"మేడమ్, ఇక్కడ చూడండి."

పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య పల్చటి మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎక్స్‌రేలో అది వేరు చుట్టూ సన్నటి నల్లగీతలా కనబడుతుంది. అక్క పళ్ళ చుట్టూ ఆ గీత చెరిగిపోయినట్టుంది. రెండు చోట్ల అసలు లేదు. పన్నూ ఎముకా ఒకటే తెలుపు.

"ఇంకెంతమందికి?"

"అందరికీ మొదలైంది. తక్కువో ఎక్కువో, అంతే."

మర్నాడు ఊరి నీళ్ళు తెప్పించి పరీక్ష చేశాడు. మేం పోగులు తయారుచేసే రోజుల్లో లీటరుకి నాలుగు మిల్లీగ్రాములుండే ఫ్లోరైడు, లోతు బోరు వల్ల తొమ్మిది దాటింది. నాలుగు దగ్గర మా మూత బాగానే పనిచేస్తుంది, మేం పరీక్షించి చూసుకున్నాం. తొమ్మిది దగ్గర కరిగిపోతుంది. మూత లేని పోగు తడి ఉన్నంతమేరా పెరుగుతూనే ఉంటుంది. ముందు పళ్ళ సందులు పూడుస్తుంది, తర్వాత వేరు వెంట దిగి ఎముకలోకి పోతుంది, ఎముక వెంట చెవి ముందున్న కీలు దాకా పోతుంది. కీలు బిగుసుకుంటే నోరు తెరుచుకోదు.

రిజ్వాన్ ఇదంతా చెప్పి మళ్ళీ తెర వైపు తిరిగాడు. అతనికి ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట అతను పొరపాటున ఒక సీసాలో ఫ్లోరైడు రెట్టింపు కలిపాడు. అందులోని పోగులు పంటిని దాటి సీసా గోడ మీదికి, చలికాలపు మంచులా పాకాయి. నాకు తెచ్చి చూపించాడు. ఆ వారంలోనే అనుమతుల కమిటీకి ఫలితాలు పంపాలి. "తప్పు కలిపావు కదా, అది తీసెయ్" అన్నాను. నోటు పుస్తకంలో అతను రాసుకున్నదాని మీద అడ్డంగా గీత గీసి, నేనే సంతకం చేశాను.

"రిజ్వాన్, ఆ సీసా..."

"గుర్తుంది మేడమ్" అన్నాడు, తెర వైపే చూస్తూ. "నేను కూడా ఇంకోసారి అడగలేదు."

"అడగాల్సింది నువ్వు కాదు."

పెరుగుతున్న పోగుని ఆపే మందు లేదు. ఎముకలోకి పూర్తిగా దిగకముందే పంటితో సహా బయటికి తీసెయ్యడం ఒక్కటే దారి. నాలుగైదు వారాల గడువుంది. కమిటీకి అదేరోజు అంతా రాసి పంపాను, సీసా సంగతితో సహా.

శనివారం సాయంత్రం ఊరికెళ్ళాను. అక్క అరుగు మీద గోంగూర ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒక కట్ట తీసుకున్నాను. నోరు తెరవమని అడిగి వేళ్ళు పెట్టి చూశాను. మామూలు మనిషికి మూడు వేళ్ళు పడతాయి. అక్కకి రెండే పట్టాయి, అవీ కష్టం మీద.

"పొద్దున్నే కొంచెం పట్టేసినట్టుంటంది. మెడ నొప్పేమో అనుకున్నా" అంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆకు ఒలుస్తున్న ఆమె చేతులు మధ్యలో ఎక్కడా ఆగలేదు. నేను సీసా దగ్గరికొచ్చినప్పుడు మాత్రం ఒక కాడని రెండుసార్లు తుంచింది.

"అంటే నీకు ముందే తెల్సు."

"తెలుసని కాదక్కా. చూశాను. పట్టించుకోలేదు."

"నాకెందుకు చెప్పలా?"

నేను కట్టలోంచి ఇంకో కాడ తీశాను.

"చెప్పుంటే వద్దనేదాన్నా అంటావేమో. అనేదాన్ని గాదు. యాభై ఏళ్ళు నోరు మూసుకుని బతికినదాన్ని, ఎట్టయినా వేయించుకునేదాన్నే. కానీ ఊళ్ళోవాళ్ళకి నేను చదివి వినిపించా హైమా. ఆ కాగితంలో అది లేదు. లేనిది నేనెట్టా చదివేది?"

ఒలిచిన ఆకు చేటలోకి ఎత్తింది. లోపలికెళుతూ గడప దగ్గర ఆగింది.

"రేపు వాళ్ళకీ ఇట్టాగే చెప్పు. చుట్టు తిప్పి చెప్పబాక."

ఆదివారం పొద్దున బడి వరండాలో అందరూ కూర్చున్నారు. మిరప కోతలకి పోయిన కోటమ్మ ఒక్కతే రాలేదు. గుంటూరు వైపు ఎక్కడో ఉందనీ, ఫోన్ కలవడం లేదనీ వాళ్ళాయన చెప్పాడు.

నేను చెప్పడం అయ్యాక ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. వెనక నుంచి ఒకామె, "నొప్పే లేదు గదా, బంగారంలాంటి పళ్ళు ఎందుకు పీకించుకోవాల?" అంది. ఇంకొకతను, "పీకినాక మళ్ళా పాతవి వస్తాయా?" అన్నాడు. రావన్నాను.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. "డాక్టరమ్మా, ఒక మాట. మా నోట్లో మందేసినారు. సరే. మందేసినాక మా బోరు నీళ్ళు మళ్ళా ఎప్పుడన్నా పరీక్ష చేసినారా?"

"చేయలేదు."

"పోనీ, ఎప్పుడన్నా తాగి చూసినారా?"

నా చేతిసంచిలో ఒంగోలు నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా ఉంది. "లేదు" అన్నాను.

అతను తల ఊపి కూర్చున్నాడు. తిట్టి ఉంటే అక్కడితో అయిపోయేది.

అప్పుడు అక్క లేచింది. మూడో తరగతి గదిలో మేం సర్దిపెట్టిన కుర్చీ దగ్గరికి నడిచి వెళ్ళి కూర్చుంది. తలుపు మూయబోతుంటే వద్దంది. "అందరూ చూడాల. నేను చదివితే వేయించుకున్నారు. నన్ను చూసే తీయించుకుంటారు" అంది.

మత్తు సూది నేనే చేశాను. మామూలు పన్నుకి చుట్టూ మెత్తటి పొర ఉంటుంది కాబట్టి, కదిపితే కదులుతుంది. ఇవి కదలవు. ఎముకని తొలిచి, ముక్కలు చేసి తీయాలి. కింది ముందరి పళ్ళు ఆరూ విడిపోలేదు. మొక్కజొన్న కంకిని విరిచినప్పుడు ఒక తునక వచ్చినట్టు, ఆరూ కలిసి ఒకే బిళ్ళగా వచ్చాయి. వెలుతురులో పెడితే ఎంత అందంగా ఉన్నాయో! పదకొండేళ్ళలో నేను చేసిన మంచి పని అదే. ట్రేలో పెట్టి మళ్ళీ చెయ్యి నోట్లో పెట్టాను.

మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది, అక్క కోసం కాదు, నా మణికట్టు కోసం. అక్క తల పట్టుకుని నిలబడ్డ రిజ్వాన్ పనిముట్టు నా చేతిలోంచి తీసుకుని, రెండు నిమిషాలయ్యాక తిరిగి ఇచ్చాడు. అక్క కళ్ళు తెరిచే ఉంచింది. మొత్తం ఇరవై ఎనిమిది పళ్ళు. ఒకే రోజు అంత పని వద్దని, సగం ఆరోజు, మిగతా సగం గురువారం తీశాను.

అక్క గదిలోంచి దూది కరుచుకుని బయటికి వచ్చేసరికి వరండాలో ఓబులేసు చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. "పద డాక్టరమ్మా" అన్నాడు.

మా పళ్ళ వైద్య కళాశాల నుంచి ఇంకో ఇద్దరు డాక్టర్లు వచ్చి చెయ్యి వేశారు. పన్నెండు రోజులు పట్టింది. రోజూ పొద్దున ఏడింటికి మొదలుపెట్టి వెలుతురు పోయేదాకా తీసేవాళ్ళం. ఊళ్ళో ప్రతి ఇంట్లో జావ కాస్తున్న వాసన. రోజు ముగిశాక నా వేళ్ళు పనిముట్టు పట్టుకున్నట్టే వంగి ఉండిపోయేవి. అక్క వేన్నీళ్ళ గిన్నె తెచ్చి ముందు పెట్టేది. అందులో చేతులు ముంచుకునేదాన్ని.

కోటమ్మ కోసం నేనూ రిజ్వానూ జీపులో నాలుగు రోజులు తిరిగాం. ఏ చేలో చూసినా ఎర్రగా మిరప కల్లాలు, తలగుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు. కోటమ్మ అంటే తెలీదనేవాళ్ళు. చివరికి ఒక మేస్త్రి, "ఎప్పుడూ నవ్వే ఆమేనా? ఆమెకి దవడ పట్టేసింది, షెడ్డులో పడుకోనుంది" అన్నాడు.

రేకుల షెడ్డులో గోనెసంచుల మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది. నోటిలోకి ఒక వేలు కూడా పట్టలేదు. వెనక దవడ దగ్గరున్న కొద్ది సందులోంచి గంజి పోసుకుంటోంది. మనిషి సగమైపోయింది.

"మేడం, పళ్ళకేం గాలా" అంది, పళ్ళు కరిచిపెట్టే, పెదాలు మాత్రం కదుపుతూ. "దవడే. గాలి పట్టిందంటన్నారు."

ఈ సంగతి నేను చెప్పడం అది నాలుగోసారి. కమిటీకి, అక్కకి, ఊరికి, ఆమెకి. ప్రతిసారీ తేలికవుతుందనుకున్నాను. కాలేదు. కోటమ్మ అంతా విని, "అయితే నేను కోతలకి రాకుండా ఉండుంటే బాగయ్యేదా?" అని అడిగింది. తప్పు తన వైపు ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంటోంది. "నీ తప్పేమీ లేదు కోటమ్మా. తప్పు నాది" అన్నాను. నమ్మినట్టు కనబడలేదు.

నగరంలోని పెద్దాసుపత్రిలో కీలు దగ్గర ఎముక కోసి దవడ విడిపించారు. పళ్ళు తీశారు. రెండు ఆపరేషన్లయ్యాక నోరు ఒకటిన్నర వేలు తెరుచుకుంటోంది. అంతకంటే తెరుచుకోదన్నారు. మెత్తగా పిసికిన అన్నం తింటుంది. చెంప కింద కోసిన గాటు వల్ల ఎడమ పెదవి పైకి లేవదు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అద్దం ఒకటి కొనియ్యి మేడం, మా ఇంట్లోది పగిలింది" అంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కొనిచ్చాను.

విచారణ జరిగింది. పరిశోధన మూసేశారు. నన్ను మూడేళ్ళు ప్రయోగాలకి దూరంగా ఉండమన్నారు. శిక్షగా చూస్తే అది చిన్నదే. రిజ్వాన్ మాత్రం పట్టు వదలక, ఆ సీసా ఫలితం సహా మొత్తం వివరాలు వైద్య పరిశోధన పత్రికలో అచ్చువేయించాడు. ఎవరూ మళ్ళీ ఆ దారిన పోకుండా ఉండాలని. రచయితల్లో నా పేరు ముందు పెట్టనా, వెనక పెట్టనా అని అడిగాడు. ముందే పెట్టమన్నాను. తర్వాత అతను వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. బస్సెక్కేముందు, "మేడమ్, కొన్నాళ్ళు నిద్రపోండి" అన్నాడు.

నేను నల్లగుండ్లపాడులోనే ఉండిపోయాను. చిగుళ్ళు మానేదాకా ఆగి, అందరికీ కట్టుడు పళ్ళు చేయాలి. మైనం కరిగించి అచ్చులు తీయడం, ప్లాస్టిక్ పోయడం, సానబట్టడం. చదువుకునే రోజుల్లో చేసిన పని, ఇరవై ఏళ్ళకి మళ్ళీ పట్టుకున్నాను. చేతులకి తెలిసిన పనే.

అక్క మాత్రం చిగుళ్ళు మానేదాకా ఆగలేదు. కుట్లు విప్పిన మర్నాడే బడికి పోతానంది. "ఇంకో నెల సెలవు పెట్టుకో" అన్నాను. తల అడ్డంగా ఊపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

పదకొండింటికి నేను మజ్జిగ తీసుకుని బడికెళ్ళాను. ఒకటో తరగతి గదిలో అక్క నల్లబల్ల మీద అయిదక్షరాలు రాసి నిలబడి ఉంది. త థ ద ధ న. మొదటి అక్షరం మీద బెత్తం పెట్టి పలికింది. నాలుక ఆనడానికి పళ్ళు లేవు. అక్షరం రాలేదు, గాలి వచ్చింది.

పిల్లలెవరూ నవ్వలేదు. టీచరు ఎలా చెబితే అలా చెప్పాలని వాళ్ళకి తెలుసు. ఇరవై మందీ ఒక్క గొంతుతో ఆ గాలినే పలికారు.

అక్క బెత్తం రెండో అక్షరం మీదికి జరపబోయి ఆగింది. బల్ల వైపు తిరిగి కాసేపు నిలబడింది. ఆమె వీపు మాత్రమే నాకు కనబడుతోంది. వెనక్కి వచ్చేద్దామనుకుంటుండగా ఇటు తిరిగింది. నన్ను చూసింది. పెదాలు లోపలికి పోయిన మొహంతో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పింది.

"లోపలికి రా హైమా. ఈ అయిదూ నువ్వు చెప్పు."

మజ్జిగ చెంబు గుమ్మం పక్కన పెట్టి లోపలికెళ్ళాను. అక్క బెత్తం నా చేతికిచ్చి, వెళ్ళి వెనక వరసలో పిల్లల మధ్య కింద కూర్చుంది. ఇరవై మొహాలు నా నోటి వైపే చూస్తున్నాయి.

"త" అన్నాను.

"త" అన్నారు పిల్లలు.